చెడిపోయేదే కావాలి

మార్చి నెల, ఇంకా మంచు కరగని ఔలు ఊరు, మధ్యాహ్నం రెండు గంటలు. నరాల జబ్బు ఇల్పోకి కళ్ళు తప్ప ఏమీ మిగల్చలేదు. మంచానికి ఎదురుగా ఉన్న తెర మీది అక్షరాలను ఆ కళ్ళతోనే ఏరుకుంటాడు. తెర కింది కెమెరా ఆ చూపును పట్టుకుంటుంది, కంప్యూటర్ పెట్టె ఒక్కో మాటే పలుకుతుంది. ఒకప్పుడు ఎదుటివాళ్ళను నోరెత్తనివ్వని మనిషికి ఇప్పుడు ఒక్క మాటకు అర నిమిషం కావాలి. ఆ అర నిమిషం అతని భార్య సినిక్క ఒక్కోసారి ఆగుతుంది, తమ్ముడు కౌకో అసలు ఆగడు. అన్న గదిలోకి అడుగుపెట్టాలంటే ఇప్పటికీ కౌకోకు బెరుకే, అందుకని గలగలా మాట్లాడేస్తాడు.

"…అందుకే చెప్తున్నా వదినా, ఈ కొత్త సిస్టమ్ ఒక్కసారి ఎక్కించామంటే ఇక నన్ను పిలవక్కర్లేదు. పెన్‌డ్రైవ్ తెచ్చేశా. ఇరవై నిమిషాల పని."

"ఇరవై నిమిషాలేనా?"

"మహా అయితే పాతిక. కాఫీ తాగేలోపు అయిపోతుంది."

"అయితే కానియ్ కౌకో. నేను కాఫీ పెడతా."

"వద్దు…"

"చూశావా, నాకు కాఫీ పెట్టొద్దంటున్నాడు వదినా."

"కాఫీ సంగతి కాదులే. నువ్వు తెచ్చినదాని సంగతి."

"అన్నయ్యా, విను. పోయిన శుక్రవారం ఏమైంది? నువ్వే అప్‌డేట్ కొట్టావు. కెమెరా పడుకుంది. సోమవారం నేనొచ్చి బాగుచేసేదాకా మూడు రోజులు నువ్వు గుడ్లప్పగించి—"

"పాత…"

"ఆ పాతదాని వల్లే కదా అంటున్నా!"

"ఆయన్ని పూర్తి చెయ్యనీ కౌకో."

"సరే. చెప్పన్నయ్యా… చెప్పు… అదేంటి వదినా, కళ్ళు మూసేసుకున్నాడు?"

"విసుగొస్తే అంతే. ఒకప్పుడు తలుపు వేసుకునేవాడు, ఇప్పుడు రెప్పలు వేసుకుంటాడు."

"పాత… దే… ఉంచు… వెధవా."

"విన్నావా? మిగతా మాటలకి అక్షరం అక్షరం ఏరుకోవాలి. ‘వెధవా’కి మాత్రం తెర మీద విడిగా గడి ఉంది. ఒక్క చూపు చాలు, టక్కున వస్తుంది. అది పెట్టిచ్చిన వెధవని నేనే."

"అసలు ఈ రెంటికీ తేడా ఏంటో మనుషుల భాషలో చెప్పు కౌకో. పోయినసారి చెప్పావు, నా బుర్రకెక్కలేదు."

"ఇప్పుడున్నదాన్ని రోలింగ్ అంటారు వదినా. లోకంలో ఎక్కడ ఎవడు ఏ ముక్క కొత్తగా రాసినా, వారం తిరక్కుండా వచ్చి ఇందులో పడుతుంది. అంతా తాజా సరుకు. బాగుంటుంది, బాగుంటుంది, ఒకరోజు పొద్దున లేవదు. నేను తెచ్చింది ఇమ్యూటబుల్. సిస్టమ్ మొత్తం ఒకటే ముద్ద, ఎవడూ వేలు పెట్టి గెలకలేడు. అన్నయ్యా గెలకలేడు, నేనూ గెలకలేను. కొత్తది వస్తే పక్కన ఇంకో ముద్దగా దిగుతుంది. అది సరిగా లేవలేదనుకో, నిన్నటి ముద్దకి వెళ్ళిపోతుంది. అంతే."

"నిన్న ఎలా ఉందో పొద్దున అలాగే ఉంటుందా?"

"అచ్చం అలాగే."

"నాకు అదే కావాలి."

"డబ్బా… పాలు."

"ఇదొకటి! ఇమ్యూటబుల్ వాడేవాళ్ళంతా డబ్బాపాలు తాగే పసిపిల్లలని నెట్‌లో ఫోరమ్ నిండా రాసేవాడు వదినా. ఓసారి ఎవడో పాపం, ‘సార్, నా కంప్యూటర్ లేవట్లేదు, రేపే నా థీసిస్ ఇవ్వాలి’ అని అడిగితే—"

"‘అప్‌డేట్ పేజీలో రాసే ఉంది, చదువు. చదవడం రానివాడికి థీసిస్ ఎందుకు?’ తెలుసు కౌకో. నాకు పైకి చదివి వినిపించి మరీ నవ్వాడు. నేను నవ్వలేదని ఆ రాత్రి నాతో మాట్లాడలేదు."

"వాడు… చదవ… లేదు."

"చూడు. ఇన్నేళ్ళయినా ఆ మనిషి మీద జాలి లేదు."

"నిజంగానే… చదవ… లేదు."

"సరే అన్నయ్యా, వాడు చదవలేదు, వాడిది తప్పే. నువ్వు చదివావుగా? శుక్రవారం అప్‌డేట్ కొట్టేముందు, సిస్టమ్ గుండెకాయ లాంటి ఈ కొత్త కెర్నల్‌తో కంటి కెమెరాలు పనిచెయ్యవని పేజీలో పెద్దక్షరాలతో రాసి ఉంది. నేను చూశా. నువ్వు చదివే కొట్టావా? ఆఁ? పలకవేం?"

"ఒప్పుకోడులే. మా పెళ్ళినాడు దారి తప్పి చర్చికి ఆలస్యంగా వచ్చి, చర్చే తప్పు చోట కట్టారన్నాడు."

"నా… ప్యాకేజీ."

"వచ్చింది! దీనికోసమే చూస్తున్నా. వదినా, ఆ రోలింగ్‌లో ఒక ప్యాకేజీ అన్నయ్య పేరు మీద ఉంది. పాత స్కానర్లు నడిపే చిన్న ప్రోగ్రాం. పద్నాలుగేళ్ళుగా కొత్తది రాగానే కట్టి పంపుతున్నాడు. ఇప్పటికీ, ఈ కళ్ళతోనే. చూసేవాడు లేకపోతే దాన్ని అనాథల జాబితాలో పడేస్తారు. నిజంగానే ఆ జాబితా పేరు అదే."

"ఎంతమంది వాడతారు దాన్ని?"

"నలభై… ఒకటి."

"నలభై ఒక్క వెయ్యా?"

"వెయ్యి కాదు వదినా. నలభై ఒక్కమంది. భూమి మొత్తం మీద."

"నీతో… కలిపి."

"అన్నయ్యా… నలభయ్యే. నేను తీసేసి ఆరు నెలలైంది. కొత్త స్కానర్ కొన్నా."

"అయ్యో కౌకో. అది చెప్పకుండా ఉండాల్సింది."

"ఆయన మాత్రం ఎప్పుడైనా ఏదైనా చెప్పకుండా ఉన్నాడా? నా మొదటి ప్రోగ్రాం చూసి ఏమన్నాడో గుర్తుందా? అమ్మ ముందు, అందరి ముందు, క్రిస్మస్ భోజనం బల్ల దగ్గర! ‘వీడు రాసింది కంప్యూటర్ కూడా చదవదు, సిగ్గుపడుతుంది’ అన్నాడు. అయిదుగురు నవ్వారు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు."

"నలుగు… రు."

"ఏంటి?"

"నవ్వింది… నలుగురు. అమ్మ… నవ్వ… లేదు."

"విన్నావా వదినా! లెక్క సరిచేస్తాడు తప్ప… పోనీలే. ఆ నలభై మంది స్కానర్ల కోసం మనమంతా చావలేం. రేపు అక్కడ నర్సులు పొద్దున్నే స్విచ్ వేస్తే ఇది లేవలేదనుకో, వాళ్ళెవర్ని పిలుస్తారు—"

"కౌకో."

"అంటే… ఇక్కడ నర్సు. ఇంటికొచ్చే ఆమె. మంగళవారం ఆమె."

"ఎక్కడ…"

"కాఫీలో పాలు వేసుకుంటావా కౌకో?"

"ముప్ఫై ఏళ్ళుగా వేసుకుంటున్నా వదినా."

"ఎక్కడ… నర్సులు?"

"మంగళవారం వచ్చే హెల్గా, ఇల్పో. ఆమె సెలవు పెడితే ఇంకో ఆమె వస్తుంది. అందుకని నర్సులు అన్నాడు. రా కౌకో, ఆ బన్నులు పైనుంచి దించిపెట్టు, నాకందవు."

"ఎక్కడ…"

"వస్తున్నాం అన్నయ్యా, ఒక్క నిమిషం!"

వంటింట్లో, తలుపు దగ్గరగా వేసి.

"నాదే తప్పు వదినా. నోరు జారింది."

"నీ నోరు ఎప్పుడు నిలిచింది గనుక? గిన్నె అందుకో."

"ఆయనకి అనుమానం వచ్చింది. చూశావుగా ఆ చూపు."

"ఆయన చూపు ఎప్పుడూ అంతే. పెళ్ళిచూపుల్లాంటివి మనకి లేవు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆ చూపుకే పారిపోయేదాన్ని."

"నవ్వులాట కాదు వదినా. ఒకటో తారీఖుకి ఇంకా పన్నెండు రోజులే. రోగుల్ని చూసుకునే ఆ హోమ్‌లో గది ఖాయమైపోయింది కదా?"

"ఖాయమే. ఇక ఇంట్లో నేను చూడలేనని రాసిచ్చేశాను. అక్కడి పెద్ద నర్సు ఒక్కటే చెప్పింది. పెట్టె తెచ్చుకోవచ్చు గానీ, అది పాడైతే బాగుచేసే మనిషి మా దగ్గర లేడు, రోజుకో వేషం వేసేది అయితే తీసుకురావద్దు అంది."

"అందుకే కదా ఈ ఇమ్యూటబుల్. ఆర్నెల్లు ఎవరూ ముట్టుకోకపోయినా పలుకుతూనే ఉంటుంది. ఇది ఎక్కించకపోతే ఆయన అక్కడ… నోరు లేకుండా గోడ చూస్తూ ఉండాలి. ఇది ఆయన మంచికే వదినా."

"మంచికే. నాకు చెప్పక్కర్లేదు."

"నువ్వు ఆయనకి చెప్పాలిగా. ఎప్పుడు చెప్తావు?"

"చెప్పాల్సింది అయిపోయిందనుకో."

"అయిపోవడమేంటి?"

"పాలు పొంగుతున్నాయి, చూడు."

"ఒక్కటి అడుగుతా, తిట్టొద్దు. శనివారం మనిద్దరం ఆయన మంచం పక్కనే కూచుని ఇదంతా మాట్లాడుకున్నాం. ఆయన వినలేదంటావా?"

"నిద్రపోతున్నాడని చెప్పాగా."

"చెప్పావులే. కళ్ళు మూసే ఉన్నాయి. పెట్టె కూడా చచ్చి ఉంది. అయినా ఇంటికెళ్ళాక అనిపించింది, నేను ఏవేవో వాగాను. పడవ గురించి… అదంతా."

"వాగావు. నేనూ వాగాను. బన్నులు పట్టుకో, కాఫీ చల్లారిపోతుంది."

"నీకేమీ అనిపించట్లేదా వదినా?"

"ఈ నాలుగేళ్ళుగా రాత్రికి మూడుసార్లు లేచి ఆయన్ని అటూ ఇటూ తిప్పుతున్నా కౌకో. నీకు ఆదివారం మంచు మీద చేపలు పట్టుకుంటూ అనిపించడానికి టైముంది. నాకు లేదు. పద."

మళ్ళీ ఇల్పో గదిలో.

"ఇదిగో కాఫీ వచ్చింది అన్నయ్యా. నీకు గొట్టంలో పోస్తుందిలే వదిన. ముందు నీ ఫైళ్ళన్నీ కాపీ చేసుకుంటా, ఒక్కటి కూడా పోదు. నీ స్కానర్ల బిడ్డని కూడా భద్రంగా పెడతా, సరేనా?"

"వద్దు."

"ఇల్పో, మొండికెయ్యకు. శుక్రవారం నుంచి మూడు రోజులు మంచినీళ్ళు కావాలో, తిప్పి పడుకోబెట్టాలో తెలీక నేను చచ్చాను. మళ్ళీ అలా కాకూడదు."

"బాగా… ఉంది… కదా."

"ఏం బాగుంది?"

"నీకు."

"అన్నయ్యా, అన్యాయంగా మాట్లాడకు. వదిన ఆ మూడు రోజులు— ఉండుండు. ఇదేంటి?"

"ఏమైంది కౌకో?"

"ఏం లేదు. పాతది తీసేముందు, శుక్రవారం అసలేం జరిగిందో లాగ్‌లో, అదే మెషీన్ తనకి తాను రాసుకునే చిట్టాలో చూద్దామని… శుక్రవారం సాయంత్రం ఆరింటికి కెమెరా లేదు. ఏడింటికి లేదు. ఎనిమిది, తొమ్మిది, లేదు… శనివారం పొద్దున ఆరింటికి, ‘పాత కెర్నల్‌తో లేచాను, కెమెరా ఉంది.’"

"శనివారమా? సోమవారం కదా నువ్వు బాగుచేసింది?"

"అదే కదా. ఎవరు… ఓహో. ఇదిగో, చిన్న స్క్రిప్టు. అన్నయ్యే రాసుకున్నాడు, జనవరిలో. పన్నెండు గంటలు కెమెరా కనిపించకపోతే దానంతట అదే పాతదానితో లేవమని. అంటే, ఇమ్యూటబుల్ చేసే పనే. తనే చేత్తో… అంటే కళ్ళతో రాసుకున్నాడు. డబ్బాపాలని మనల్ని తిట్టి, తనో పాలసీసా దాచుకున్నాడు!"

"మరి సోమవారం నువ్వేం చేశావు?"

"వైరు పీకి, మళ్ళీ పెట్టా."

"అంతేనా?"

"అంతే. వెంటనే ‘వెధవా’ అంది. నేనే బాగుచేశాననుకున్నా. ఆఫీసులో బన్నులు కూడా పంచా."

"బన్నులు… బాగున్నాయా?"

"అన్నయ్యా! శనివారం పొద్దుట్నుంచి సోమవారం దాకా బాగుండి కూడా నువ్వు పలకలేదా? రెండు రోజులు? వదిన రాత్రంతా నీ మొహం మీద వంగి, దాహమా, నొప్పా అని అడుగుతుంటే, కళ్ళు మూసుకుని…"

"ఫైలు… తెరు."

"ఏ ఫైలు?"

"శని… వారం."

"‘శనివారం’ అనే ఉంది. సాయంత్రం నాలుగింటిది. నేను ఇంటికెళ్ళాక రాశాడన్నమాట."

"చదువు… పైకి."

"‘కౌకో అన్నాడు: వీడి నోరు పడిపోయాకే ఈ ఇంట్లో కాఫీ రుచిగా ఉంటోంది వదినా.’ అన్నయ్యా, ఇది నేనేదో సరదాకి—"

"చదువు."

"‘కౌకో అన్నాడు: పడవ ఎలాగూ వాడికి అక్కర్లేదు. మంచు కరిగాక నేను తీసుకెళ్తా. పేరు మారుస్తా, ఆ పేరు వాడు పెట్టింది.’ వద్దన్నయ్యా. చదవలేను."

"చదవడం… రాదా?"

"చదువు కౌకో. ఆయన అడుగుతున్నాడుగా."

"‘సినిక్క అంది: సంతకం పెట్టేశాను. ఒకటో తారీఖు నుంచి గది. ఇన్నేళ్ళు ఆయన నోటితో కాపురం చేశాను, ఇక ఆయన ఒంటితో చెయ్యలేను.’ … ‘సినిక్క అంది: రోజూ నన్ను తెలివితక్కువదాన్ని చేశాడు. నా స్నేహితురాళ్ళు రావడం మానేశారు. కూతురు ఫోన్ చేస్తే నాతోనే మాట్లాడుతుంది, నాన్నకివ్వు అనదు. జబ్బు వచ్చినప్పుడు మొదట కాళ్ళు పోయాయి, తర్వాత చేతులు. నోరు పోయిన రోజు నేను బాత్రూంలోకి వెళ్ళి నల్లా తిప్పి కూచున్నాను. ఏడవడానికి కాదు.’ వదినా…"

"ఇంకా ఉంది. చదువు."

"‘సినిక్క అంది: ఆయన పోతే ఏడుస్తాను. కానీ ముందు నిద్రపోతాను. రెండు రోజులు.’ … అయిపోయింది. ఇంతే ఉంది."

"ఒక్క మాట… తప్పు… రాశానా?"

"లేదు ఇల్పో. అక్షరం పొల్లుపోలేదు."

"కౌకో… నీవి?"

"నావీ సరిగ్గానే ఉన్నాయన్నయ్యా. నన్ను… నన్ను ఇంటికి పోనీ."

"ఆగు… ఆ పెన్… డ్రైవ్… తీసెయ్."

"తీసేస్తా. ఇదిగో, తీసేస్తున్నా. నువ్వెలా అంటే అలా."

"తియ్యకు కౌకో."

"వదినా, ఆయన అంతా విన్నాడు! ఇంకా ఎందుకు—"

"ఆయన్ని పూర్తి చెయ్యనీ. ఇంకా ఏదో చూస్తున్నాడు తెరలోకి."

"నాకు… ఇదే… ఉంచు. చెడి… పోయేదే… కావాలి. ఇది… చెడితేనే… మీరు… నా ముందు… నిజం… మాట్లాడతారు."

"అన్నయ్యా…"

"ముందు… దొంగలు. వెనక… మనుషులు. సిగ్గు… లేదా… సినిక్కా?"

"అయిపోయిందా ఇల్పో? ఇంకేమైనా ఉందా? ఉంటే చెప్పు, ఆగుతాను."

"…"

"వదినా, నిద్రపోతున్నాడన్నావు. నాకలా చెప్పి కూచోబెట్టావు. నీ మాట నమ్మే కదా నేను అంత వాగాను!"

"చెప్పానులే కౌకో. అది నీకు చెప్పిన అబద్ధం, దానికి నిన్ను క్షమించమని తర్వాత అడుగుతా. ఇల్పో, ఇటు చూడు. ఆ తెర వైపు కాదు, నా వైపు. కెమెరా బతికుంటే దాని కింద రెండు ఎర్ర చుక్కలు వెలుగుతాయి. శనివారం పొద్దున కర్టెన్ తియ్యడానికి వచ్చి చూశాను, వెలుగుతున్నాయి. నువ్వు టక్కున కళ్ళు మూసుకున్నావు. నువ్వు వింటున్నావని తెలుసు, పలకగలవని తెలుసు, పలికితే దొరికిపోతావు కాబట్టి పలకవనీ తెలుసు. అందుకే కుర్చీ నీ తలగడ దగ్గరికే లాక్కుని కూచున్నాను. కౌకోతో కాదు నేను మాట్లాడింది. ఇరవై ఆరేళ్ళలో నువ్వు మధ్యలో అందుకోకుండా నీతో నేను చివరిదాకా చెప్పుకున్నది ఆ ఒక్కరోజే. కౌకో, ఇక ఎక్కించు."